నేను తీసేసిన పేజీ

రాత్రి పది దాటాక ఆ ఐస్ ఫ్యాక్టరీ ముందు నుంచి ఎవరూ వెళ్ళరు.

పాల వ్యాను డ్రైవరు రెండు వీధులు చుట్టు తిరిగి పోతాడు. పెట్రోలు దండగ కదా అంటే, "నా ప్రాణం లీటరు ఎంతనుకున్నావు?" అంటాడు. పేపర్లు వేసేవాడు తెల్లగా తెల్లారేదాకా ఆ వైపు సైకిలు తిప్పడు. కరెంటు తీసేసి పదకొండేళ్ళయింది ఆ ఫ్యాక్టరీకి. చిన్న మిషన్లన్నీ పాత ఇనుముకి పోయాయి. అయినా ఎండాకాలం రాత్రుళ్ళు కూడా షట్టరు కింద నుంచి చల్లటి గాలి వస్తుందట... పాదాలు జివ్వుమంటాయట. లోపల కోల్డ్ రూము తలుపు దగ్గర ఒకామె నిలబడి ఉంటుందట. పేరు మంచుపిన్ని. మా వీధిలో ఎవర్నడిగినా చెప్తారు. టీకొట్టాయన అయితే కళ్ళారా చూశానంటాడు. తడి జుట్టు, రెప్పల మీద మంచుపొడి... ఒట్టేసి మరీ చెప్తాడు.

ఆ మాటలు విన్నప్పుడల్లా నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని.

ఎందుకంటే మంచుపిన్నిని పుట్టించింది నేనే.

ఇంతవరకూ బయటివాళ్ళెవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నేను జిరాక్స్ షాపులో పని చేస్తాను. చదువు మధ్యలో ఆగింది గానీ చదవడం ఆగలేదు. కాపీకి వచ్చిన కాగితం ఏదైనా సరే — వీలునామా, ప్రేమలేఖ, ఎవరిదో రక్తపరీక్ష — మిషన్లోంచి బయటికొచ్చేలోపు చదివేస్తాను. అదో జబ్బు. ఒకరోజు ఒక పెద్దాయన సన్నటి పుస్తకం ఒకటిచ్చి, కాపీ తీసి ఉంచమని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ముప్పై రెండు పేజీలు, అంతా ఇంగ్లీషు. అట్ట మీద కొండ, కొండ మీద కోట, కోటలో ఒకే ఒక్క కిటికీలో దీపం.

డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు నెలలు చదివాను. అది కథ కాదు, ఆట. ఒకరు కథ నడిపించాలి. మిగతావాళ్ళు ఆ కథలో మనుషులైపోయి "తలుపు తోస్తాను", "పారిపోతాను" అని చెప్పాలి. తోస్తే తెరుచుకుంటుందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఆ ఆట ఆడేవాళ్ళలో ఆ పుస్తకానికి నలభై ఏళ్ళుగా పెద్ద పేరుందని తర్వాత తెలిసింది.

నాకు ముగ్గురు దొరికారు. మా అన్న, కరెంటు లైన్‌మన్. అన్న స్నేహితుడు, క్లినిక్‌లో కాంపౌండరు. మా షాపు పక్క గదిలో మిషను కుట్టే టైలరక్క. ఇరవై ముఖాల పాచిక ఉండాలని పుస్తకంలో ఉంది. మాకెక్కడ దొరుకుతుంది? టైలరక్క ఇరవై కోటు గుండీల మీద అంకెలు రాసి గుడ్డసంచీలో పోసిచ్చింది. చెయ్యి పెట్టి ఒకటి తీయడమే. ఆదివారం సాయంత్రం షట్టరు సగం దించేసి జిరాక్స్ మిషను చుట్టూ కూర్చునేవాళ్ళం.

మొదటి వారమే గొడవ.

"కోటేంటే, అగడ్తేంటే?" అన్నాడు అన్న. "పుట్టి బుద్ధెరిగి నేను కోట చూడలేదు. స్తంభం పెట్టు, ఎక్కుతాను."

నిజమే అనిపించింది. అందుకని కోటని కొండ మీంచి మా వీధిలోకి దింపాను. మాకంటూ ఒక లోకం కట్టాను — ఒక రాత్రి కరెంటు పోయి, ఇక ఎప్పటికీ రాని ఊరు.

"మా డిపార్టుమెంటుని తిట్టడానికి ఏకంగా లోకమే కట్టావు కదే పొట్టీ!" అని అన్న పడీ పడీ నవ్వాడు. వాడికి నేను పొట్టినే. ఊహ తెలిసినప్పటి నుంచీ వాడి నోట నాకు ఇంకో పిలుపు లేదు.

కోట ఐస్ ఫ్యాక్టరీ అయింది. లోపల ఏ గది పక్కన ఏ గదో అన్నే గీసిచ్చాడు, వెనకున్న ట్రాన్స్‌ఫార్మరు పనికి వెళ్ళి చూసిన గుర్తుతో. కోట చుట్టూ అగడ్త ఉంటే, ఇక్కడ ఐస్ దిమ్మలు గడ్డకట్టించే ఉప్పునీళ్ళ తొట్టి ఉంది. రాజు కొలువు ఉంటే, ఇక్కడ కంప్రెసర్ హాలు. చచ్చి కూడా కాపలా కాసే సైనికులకి బదులు, కొక్కేలతో దిమ్మలు లాగే కూలీలు. మారుస్తున్నకొద్దీ గది గదికీ సరిపోయింది. ఆ రాసినవాడెవడో మా ఫ్యాక్టరీ చూసే కోట రాశాడా అన్నంతగా సరిపోయింది. అప్పుడు సంబరపడ్డాను. భయపడాల్సింది.

పుస్తకంలో చిట్టచివరి తలుపు దగ్గర ఒక ఆడమనిషి కాపలా ఉంటుంది. ఆమెని తెచ్చి కోల్డ్ రూము తలుపు ముందు నిలబెట్టాను. గొంతు నేనే పెట్టేదాన్ని — పళ్ళు బిగబట్టి, ఊపిరి లోపలికి పీలుస్తూ. మొదటిసారి వినగానే కాంపౌండరు గుండీల సంచీ జారవిడిచాడు.

"వరస కలిపేద్దాం రా," అన్నాడు అన్నతో, కింద గుండీలు ఏరుకుంటూ. "దెయ్యమైనా సరే, పిన్నీ అని పిలిస్తే కాస్త మెత్తబడుతుంది."

అలా మంచుపిన్ని అయింది.

ఆమె దగ్గర ఏం జరగాలో పుస్తకంలో ఒక పేజీ ఉంది. అది నాకు నచ్చలేదు. ముగ్గురే ఆడే ఆటకి అది పనికిరాదనుకున్నాను. తీసేశాను. బదులుగా — పన్నెండు దాటిన గుండీ వస్తే పిన్ని పక్కకి తప్పుకుంటుంది — అని సొంతంగా రాసుకున్నాను. ఆ పేజీ సంగతి ముగ్గురిలో ఎవరికీ చెప్పలేదు. వాళ్ళకి ఆ ఇంగ్లీషు రాదు. పుస్తకం నా సొరుగులో ఉండేది. సొరుగు తాళం నా దగ్గర.

కాంపౌండరు సూది పొడిచేటప్పుడు నొప్పి తెలియకుండా రోగులకి పిన్ని కథ చెప్పేవాడు. టైలరక్క కొలతలు తీస్తూ చెప్పేది. ఆట అన్న మాట దారిలో ఎక్కడో రాలిపోయింది, పిన్ని మాత్రం మిగిలింది. ఏడాది తిరిగేసరికి రాత్రిపూట ఆ వీధి ఖాళీ. నేను రాసిన నాలుగు వాక్యాలకి వ్యాన్లు దారి మార్చుకుంటున్నాయి! ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

ఇక ఆ రాత్రి సంగతి. ఫ్యాక్టరీలో నేను లేను. అక్కడ జరిగింది మర్నాడు కాంపౌండరు చెప్పగా విన్నదే చెప్తున్నాను.

వాన. పదకొండు దాటింది. రెండు గంటలుగా కరెంటు లేదు. కాంపౌండరు తడిసి ముద్దయి మా తలుపు కొట్టాడు. క్లినిక్ ఫ్రిజ్‌లో పసిపిల్లల టీకాలున్నాయి, ఇంకో గంట ఆగితే అన్నీ పారబోయాలి.

"ఈ వానలో ఎక్కడికిరా?" అంది అమ్మ.

"టీకాలు పాడైతే ఆ తల్లులంతా వచ్చి నిన్నే తిడతారమ్మా, ఇలాంటి కొడుకుని కన్నందుకు," అంటూ అన్న నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.

నేను పక్క మీంచే అన్నాను — "పిన్నిని అడిగానని చెప్పు!"

"నీ గొంతు కంటే ఘోరంగా ఉండదులేవే!"

వాడు నాతో అన్న ఆఖరి మాటల్లో అదొకటి.

ఫ్యాక్టరీ వెనక సందులో నడుములోతు నీళ్ళు. వీధికంతా కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోవాలంటే ముందు వైపు షట్టరెత్తి, లోపల నుంచి అటు దాటాలి. టార్చి కాంపౌండరు చేతిలో. ముందు అన్న.

కంప్రెసర్ హాలు దాటారు. తొట్టి పక్కనుంచి గోడ పట్టుకుని నడిచారు. బయట వాన చప్పుడు... లోపలికి పోయేకొద్దీ అది కూడా ఆగిపోయింది. కోల్డ్ రూము తలుపు — అడుగు మందం, గుమ్మం చుట్టూ రబ్బరు — మూసే ఉంది. దాని పక్క నుంచే వెనక్కి దారి.

అక్కడ చలి. ఊపిరి పొగలా కనిపిస్తోందట.

తలుపు వెనక నుంచి...

"ఎంతమంది వచ్చారు?"

నీ గొంతే — అన్నాడు కాంపౌండరు నాతో. ఆదివారం నువ్వు పెట్టే గొంతే. ఊపిరి పీలుస్తూ...

అన్న ఉలిక్కిపడి, వెంటనే నవ్వేశాడట. "ఓసి పొట్టీ! మాకంటే ముందొచ్చి దాక్కున్నావా? అమ్మకి తెలిస్తే చీపురు తిరగేస్తుంది!"

"ఎంతమంది?"

"ఇద్దరమే పిన్నీ. చీకట్లో చూపు ఆనట్లేదా?"

తర్వాత —

"మీలో ఎవరుంటారు?"

కాంపౌండరు అన్న చెయ్యి పట్టుకున్నాడట. "ఒరేయ్... ఇది ఆటలో లేదు కదరా," అన్నాడు గుసగుసగా.

"కొత్తగా రాసుంటుందిలే. రాత్రీ పగలూ అదే పని దానికి." అని, తలుపు వైపు తిరిగి, నాటకంలో లాగా ఛాతీ విరుచుకుని, వంగి దండం పెట్టాడట. "నేనుంటాను పిన్నీ! వీడికింకా పెళ్ళి కాలేదు, పాపం. వీణ్ణి వదిలెయ్."

టార్చి ఆరింది.

ఒక్క క్షణం. మళ్ళీ వెలిగింది. అన్న పక్కనే ఉన్నాడు, నిచ్చెనతో సహా. "పద," అన్నాడు. వెనక్కి వెళ్ళారు. ఫ్యూజు మార్చాడు. కరెంటు వచ్చింది. టీకాలు దక్కాయి.

"అంతే కదా?" అన్నాను నేను.

"అంతే." కాంపౌండరు నా ముఖంలోకి చూడట్లేదు. "కానీ నువ్వు మాకంటే ముందు అక్కడికెలా వెళ్ళావు?"

"నేను ఇల్లు కదల్లేదు. అమ్మనడుగు. రాత్రంతా అమ్మ పక్కనే పడుకున్నాను."

అతను లేచి వెళ్ళిపోయాడు. తర్వాత ఒక్క ఆదివారం కూడా రాలేదు.

నేను షాపుకి పరుగెత్తి సొరుగు తీశాను. ఆ పేజీని అప్పట్లో ఒక్కసారే చదివి మడిచేశాను, మళ్ళీ ఇప్పుడే విప్పడం. ఇలా ఉంది —

చివరి తలుపు దగ్గర ఆమె రెండే అడుగుతుంది. ఎంతమంది వచ్చారని. మీలో ఎవరుంటారని. ఇక్కడ కత్తి పనిచేయదు, పాచిక వేయకూడదు. ఒకరు ఒప్పుకుంటేనే మిగతావాళ్ళు కదలగలరు. ఒప్పుకున్నవాడు తలుపు వెనక ఉండిపోయి, ఇకమీదట వచ్చేవాళ్ళని తనే అడుగుతాడు. ఇంట్లోవాళ్ళు ఏడవకుండా, అతని రూపం మిగతావాళ్ళతో కలిసి బయటికి నడుస్తుంది.

కింద చిన్న అక్షరాల్లో, ఆట నడిపేవాళ్ళకి ఒక సూచన — ఆ ఆటగాడికి ఈ సంగతి చెప్పకండి. మామూలుగా ఆడుకోనివ్వండి.

ఉండిపోయినవాణ్ణి తిరిగి తెచ్చుకోవడం ఎలాగో ఆ పేజీలో లేదు. పుస్తకమంతా వెతికాను. ఎక్కడా లేదు.

ఇక్కణ్ణుంచి "అతను" అని రాస్తాను. వాడు అని రాయడానికి చెయ్యి రావట్లేదు.

అతను ఆ తెల్లవారి ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులు వరసగా విడిచి, "చెల్లీ, టీ ఉందా?" అన్నాడు.

చెల్లీ!

ఇరవై రెండేళ్ళలో ఆ మాట వినలేదు నేను.

అమ్మకి మాత్రం పండగే. వేళకి వస్తున్నాడు. పెట్టింది తింటున్నాడు. ఎదురు మాట్లాడట్లేదు, తువ్వాలు మంచం మీద పడెయ్యట్లేదు. "ఇన్నాళ్ళకి వీడికి మనిషి లక్షణాలొచ్చాయే," అంది నాతో. నేను వంటింట్లోకి వెళ్ళి నోట్లో కొంగు కుక్కుకున్నాను.

నాలుగో రోజు టైలరక్క షాపు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మెడలో టేపు, చేతిలో యూనిఫారం చొక్కా.

"నిచ్చెన మోసీ మోసీ మీ అన్నకి ఎడమ భుజం అరంగుళం కిందికుంటుంది కదా. ఏడేళ్ళుగా ఆ కొలతకే కుడుతున్నాను. ఇవాళ తొడిగి చూస్తే చొక్కా ఒక పక్క వేలాడింది." గొంతు తగ్గించింది. "రెండు భుజాలూ సమానంగా ఉన్నాయేంటే?"

నాకు అర్థమైంది. జిరాక్స్‌లో పెన్సిలు గీతలు రావు. ఏళ్ళ తరబడి మెల్లగా పడిన సన్న గీతలు... కాపీలో తెల్లగా ఉంటాయి.

అతనికి చెప్పలేకపోయాను. ఏమని చెప్పను? నువ్వు మా అన్నవి కావనా? తను అన్నే అనుకుంటున్నాడు పాపం. రాత్రుళ్ళు నేను నిద్రపోకపోతే, వచ్చి దుప్పటి సర్ది పోతున్నాడు.

తొమ్మిదో రాత్రి, అందరూ పడుకున్నాక బయల్దేరాను.

ఎందుకు వెళ్ళానో దాచను. నేనుంటానని చెప్పడానికే వెళ్ళాను. ఇంకొకరు ఉంటే మొదటివాణ్ణి వదులుతుందేమో... పేజీలో లేదు, కానీ కాదని కూడా లేదు కదా. దారి పొడుగునా ఆ ఒక్క మాటే మననం చేసుకుంటూ నడిచాను.

షట్టరు. హాలు. తొట్టి. నేను కాగితం మీద వందసార్లు నడిచిన దారి. దీపం లేకపోయినా కాలు తడబడలేదు.

తలుపు ముందు చలి... ముక్కు లోపల వెంట్రుకలు గడ్డకట్టేంత చలి.

"ఎందుకొచ్చావే పొట్టీ?"

వాడే. తలుపుకి చెంప ఆనించాను. "నిన్ను తీసుకుపోవడానికి."

"ఎంతమంది వచ్చారు?"

"అన్నా..."

"అడక్కుండా ఉండలేకపోతున్నానే. చెప్పు. ఎంతమంది?"

"ఒక్కదాన్నే."

తలుపు వెనక పెద్ద నిట్టూర్పు. "బతికించావు. ఒక్కరే వస్తే ఇంకేమీ అడగక్కర్లేదు. పో. పరుగెత్తు. ఇటు మళ్ళీ రాకు, ఎవర్నీ..."

ఆగిపోయాడు.

నా వెనక అడుగుల చప్పుడు.

టార్చి వెలుతురు తలుపు మీద పడింది. "చెల్లీ," అన్నాడతను. ఒక చేతిలో గొడుగు కూడా ఉంది. "ఇంత రాత్రప్పుడు ఇక్కడేం పని? అమ్మ లేస్తే కంగారుపడుతుంది, పద."

లోపలి గొంతు మారిపోయింది. ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టు... ఒక్కో మాటా బలవంతంగా లాగుతున్నట్టు...

"ఎంత... మంది?"

"ఇద్దరం," అన్నాడతను, అమాయకంగా.

"మీలో... ఎవరుంటారు?"

నా మాట నా నోటి దాకా వచ్చింది.

చలికి దవడ బిగుసుకుపోయిందని రాద్దామనుకున్నాను. రాసి కొట్టేశాను. చలి కాదు. నాకు బతకాలని ఉంది. ఆ ఒక్క మాట అనడానికి అంత దూరం నడిచి, ఆ తలుపు ముందు నిలబడి, నేను నోరు మూసుకున్నాను. ఎంతసేపని... ఎంతసేపైనా మూసుకునే ఉండేదాన్నేమో.

అతను నన్ను చూశాడు. నా వణుకు చూశాడు. గొడుగు నా చేతిలో పెట్టి, నన్ను తన వెనక్కి లాగాడు. అన్న అయితే ఏం చేసేవాడో సరిగ్గా అదే.

"నేనుంటాను," అన్నాడు. "చెల్లిని పంపించెయ్."

"ఒరేయ్, వద్దురా!" అని అరిచాడు లోపలివాడు.

టార్చి ఆరింది.

వెలిగేసరికి అతను పక్కనే ఉన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. నడవడం మొదలుపెట్టాడు. ఆ చేతిలో వేడీ లేదు, చల్లదనమూ లేదు... కాగితం పట్టుకున్నట్టుంది.

షట్టరు దాకా వచ్చాక వెనక్కి తిరిగి విన్నాను. తలుపు వెనక ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒకడు ఏడుస్తున్నాడు, ఇంకొకడు సముదాయిస్తున్నాడు. రెండు గొంతులూ మా అన్నవే.

ఎవర్నీ విడిపించలేదు నేను. ఇంకొకణ్ణి లోపల పెట్టి వచ్చాను.

కాపీకి కాపీ తీస్తే ఏమవుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? నల్లగా, పెద్దగా ఉన్నది మాత్రమే మిగులుతుంది. మిగతాదంతా తెలుపు.

ఇవాళ పొద్దున అమ్మ బజారుకి బయల్దేరుతూ అడిగింది — "తాళం వెయ్యనా, ఇంట్లో ఎవరైనా ఉంటారా?"

"నేనుంటాను," అన్నాడు.

"నా తండ్రే," అని అమ్మ మురిసిపోయి వెళ్ళింది.

సాయంత్రం స్టవ్ వెలిగిస్తూ, వంటింట్లోంచే కేకేసింది. "ఏం వండమంటావురా?"

"నేనుంటాను."

అమ్మ నవ్వింది. ఎన్నాళ్ళకో కొడుకు మళ్ళీ వేళాకోళమాడాడని నవ్వింది. గరిటె చేత్తోనే వచ్చి, అతని గడ్డం పట్టుకుని, ముద్దుగా అడిగింది. "చెప్పరా, ఏం వండను?"

"నేనుంటాను."

గడ్డం మీంచి అమ్మ చెయ్యి మెల్లగా జారింది. ఆ ముఖంలోకి చాలాసేపు చూసింది. మూడోసారి అడగలేదు.

నా వైపు తిరిగింది.